శుభలేఖయు, పిలుపును

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



మన సంఘ సభలలో భాషను గూర్చియో, సాహిత్యమును గూర్చియో పండితులు ప్రసంగించుట ఆచారము. నేను పండితుడను గాను. ముప్పదియైదు సంవత్సరములు కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో దస్త్రముల నడుమ గడపినవాడను. ఆ కొలువులో నేను నేర్చిన పాఠము ఒక్కటే: ఉత్తరము పంపుట వేరు, అది చేరుట వేరు, చేరిన పిదప ఎదుటివాని మనస్సు కదలుట వేరు. ఆ పాఠమును కార్యాలయములో ఎన్నడును మరువలేదు గాని, నా యింటి శుభకార్యములో మరచితిని. అందుచేతనే కార్యదర్శిగారు నన్ను మాటాడుమన్నపుడు ఈ విషయమును ఎన్నుకొంటిని. కాగితపు శుభలేఖకు బదులు నేడు ఫోనులో శుభలేఖ వచ్చినది. దీనిని ఆదరింపవలెనా, కాదనవలెనా అన్నది ప్రశ్న.

ఫోను శుభలేఖను నిందించువారు సాధారణముగా కాగితపు శుభలేఖను సనాతనాచారముగా భావింతురు. అది సరికాదు. మన పూర్వులు శుభలేఖలు అచ్చువేయించి పెండ్లిండ్లు చేయలేదు. వారు మనుష్యులను పంపిరి. ముత్తయిదువలు కుంకుమభరిణె చేతబట్టుకొని గడపగడపకు వెళ్లి, ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, "మా అమ్మాయి పెళ్లమ్మా, మీరందరూ తప్పకుండా రావాలి" అని నోరార పిలిచెడివారు. మగవారిని అక్షతలిచ్చి పిలుచుట కలదు. పొరుగూరి బంధువులకు ఇంటివారిలో ఒకరో, పురోహితుడో, నమ్మిన మనిషియో కాలినడకనో బండిమీదనో వెళ్లి చెప్పివచ్చెడివారు. పిలువని పేరంటమునకు పోరాదను సామెత మనకు ఊరక పుట్టలేదు. కార్యము జరుగునని ఊరంతకు తెలియును. తెలిసినంత మాత్రమున ఎవరును వెళ్లరు. పిలువవలెను.

పోతనామాత్యుని భాగవతములో రుక్మిణీదేవి తన సందేశమును అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని చేత శ్రీకృష్ణునికి పంపిన కథ మనమందరము ఎరిగినదే. ఆ సందేశము ఎంత గొప్పదో, దానిని తీసికొనిపోయిన మనిషియు అంత ముఖ్యుడు. అతడు వెళ్లి విన్నవించెను, బదులు వినెను, తిరిగివచ్చి ఆమెకు ఊరట కలిగించెను. మనిషి తీసికొనిపోయిన మాటకు ఆ గుణము గలదు. అది పోవుటయే కాదు, తిరిగి వచ్చును.

తరువాత అచ్చుయంత్రము వచ్చెను, తపాలా వచ్చెను, రైలు వచ్చెను. మన పిల్లలు చదువులకును కొలువులకును దూరదేశములకు పోయిరి. గడపగడపకు వెళ్లి పిలుచుట అసాధ్యమయ్యెను. అప్పుడు అచ్చు శుభలేఖ పుట్టినది. పైన "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని వ్రాసి, నాలుగు మూలలకు పసుపు అలది, తెరచిన కవరులో బుక్కుపోస్టున పంపుచుండిరి. అయితే ఆ శుభలేఖ చివర నుండెడి చిన్న వాక్యమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. స్వయముగా వచ్చి పిలువలేకపోయినందుకు మన్నించి, దీనినే మా వ్యక్తిగతమైన ఆహ్వానముగా భావింప ప్రార్థన, అను అర్థము గల వాక్యమది. అనగా కాగితము తాను మనిషికి బదులుగా వచ్చితినని ఎరుగును. ఎరిగి, క్షమాపణ కోరినది. ఆ నాటి వారికి అచ్చు శుభలేఖయే నూతన యంత్రవిద్య. దానిని వారు వద్దనలేదు. కాని అది పిలుపుతో సమానమని భ్రమపడలేదు.

ఇక నా అనుభవము చెప్పెదను. నా వివాహము 1987లో విజయవాడలో జరిగెను. అప్పటికి నేను ఢిల్లీలో కొలువు చేయుచుంటిని. తెలుగు అక్షరములు కూర్చగల అచ్చుకూటము నాకు ఢిల్లీలో దొరకలేదు. చావ్‌డీబజారులో శుభలేఖల అంగళ్లకు లోటు లేదు. అచ్చట హిందీలోను, ఇంగ్లీషులోను ఎంత అందముగనైనను అచ్చువేయుదురు. కావున కార్యాలయములోని మిత్రులకు ఇంగ్లీషు కార్డును అచ్చట వేయించితిని. తెలుగు శుభలేఖలను మా నాయనగారు విజయవాడలో అచ్చువేయించి, ఊరినుండి వచ్చు ఒక బంధువు చేత రైలులో పంపించిరి. నాతో పాటు ఉద్యోగములో చేరిన ఆప్తమిత్రుడొకడు అప్పుడు పోర్టుబ్లెయరులో నుండెను. ఆ పట్టణమునకే 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. నా శుభలేఖ అతనికి పెండ్లి జరిగిన మూడు వారములకు చేరినది. అతడు నొచ్చుకొని వ్రాసిన కార్డు నా యొద్ద చాలకాలముండెను. షిల్లాంగులోని మరియొక మిత్రుడు మాత్రము ముహూర్తము నాటికే శుభాకాంక్షల తంతి పంపెను. ఆ తంతులలోని వాక్యములకు వరుస సంఖ్యలుండెడివి. సంఖ్య చెప్పిన చాలు, తపాలావారు వాక్యమును పూరించెడివారు. వాక్యము తపాలావారిదైనను, తలంపు మిత్రునిది. ఆ తంతి వ్యవస్థ 2013 జూలై 15వ తేదీన మూతపడినది.

కాబట్టి కాగితపు కాలమంతయు బంగారు కాలమని నేను చెప్పజాలను. కార్డులు పోయెడివి, ఆలస్యమయ్యెడివి, బదిలీయైన మిత్రుని వెనుక ఊరూరు తిరిగెడివి. నేడు ఆ బాధ లేదు. ఫోను శుభలేఖ వలన కలుగు లాభములను నిష్పక్షపాతముగా చెప్పుకొందము.

మొదటిది, అది తక్షణము చేరును. అమెరికాలోనున్న మేనల్లునికిని, అండమానులోనున్న మిత్రునికిని ఒకే నిమిషమున చేరును. రెండవది, మార్పు వచ్చినచో తెలుపవచ్చును. 2020వ సంవత్సరమును మనమెవ్వరమును మరువలేము. ఆ మే నెలలో పెండ్లికి యాబదిమందికి మించరాదని కేంద్ర ప్రభుత్వము నిబంధన విధించెను. అప్పటికే ఐదువందల కార్డులు అచ్చువేయించుకొన్న తల్లిదండ్రుల అవస్థ ఎట్టిదో ఊహింపుడు. అచ్చైన తేదీ మారదు. ఫోనులోని తేదీ మారును. రానవసరము లేదని మర్యాదగా చెప్పుటకును, పెండ్లిని ఇంటనుండియే చూపుటకును ఆనాడు ఫోనే దిక్కైనది.

మూడవది, ఖర్చు. ఒక్కొక్క కార్డు నలుబది రూపాయలనుకొన్నను, ఐదువందల కార్డులకు ఇరువదివేలు. నెలజీతగానికి అది చిన్న మొత్తము కాదు. దానిపై కవరు, తపాలా, కొరియరు అదనము. నాలుగవది, కార్డు యొక్క అనంతర జీవితము. పూర్వపు శుభలేఖ పలుచని కాగితము. నేటి కార్డు అట్టపెట్టె, బంగారు పూత, ప్లాస్టిక్కు పొర, పట్టుదారము. పొర వేసిన కాగితము మరల కాగితమగుటకు తేలికగా లొంగదు. అంతకంటె పెద్ద చిక్కు, దానిపైనుండు వినాయకుని బొమ్మ. పెండ్లి అయిపోయిన పిదప దానిని చెత్తలో వేయుటకు చేతులు రావు, దాచుటకు ఇంటిలో చోటుండదు. ప్రభుత్వపు క్వార్టరులో ఇరువది సంవత్సరముల శుభలేఖలను అటకపై పేర్చుకొన్న ఇల్లాండ్రు ఈ సభలో కొందరైనను ఉందురని నా నమ్మకము.

ఐదవ లాభము మన వంటి ప్రవాసాంధ్రులకు ప్రత్యేకమైనది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించెను. తరువాత ఆ అక్షరములు ఫోనులలోనికి వచ్చినవి. నేడు ఢిల్లీలోనైనను, గువాహటిలోనైనను, తెలుగువాడు అచ్చుకూటమును వెదకనక్కరలేదు. తన ఫోనులో తానే తెలుగు శుభలేఖ కూర్చుకొనవచ్చును. 1987లో నాకు దొరకని తెలుగు అక్షరము నేడు నా జేబులోనున్నది. ఇది చిన్న సంగతి కాదు. మోటారుకార్ల విడిభాగములను గుర్తించుటకై 1994లో జపానులో కల్పించిన చదరపు గుర్తు నేడు శుభలేఖపై కూర్చుండి అతిథులకు కల్యాణమండపమునకు దారి చూపుచున్నది. ఇట్టి సౌకర్యములను కాదనుట అవివేకము.

ఇన్ని లాభములు ఎరిగినవాడనగుటచేతనే 2019లో మా అమ్మాయి పెండ్లికి కార్డులే వద్దంటిని. మా అబ్బాయి చక్కని వీడియో తయారుచేసెను. నాదస్వరము మ్రోగును, తలుపులు తెరచుకొనును, వధూవరుల పేర్లు పూలనడుమ కనబడును. ఒకనాటి సాయంకాలము రెండు గంటలలో నాలుగువందల మందికి పంపితిమి. పని ముగిసినదని కాఫీ త్రాగితిని. ఇంత సులువుగా పెండ్లిపిలుపులు ముగించిన తండ్రి మా వంశములో లేడని గర్వపడితిని కూడ.

మచిలీపట్నము సమీపమున ఒక పల్లెలో మా మేనత్తగారుండెడివారు. అప్పటికి ఎనుబదిమూడేండ్లు. నన్ను చిన్ననాడు ఎత్తుకొని పెంచినది. ఆమెకు ఫోను లేదు. ఆమె మనుమని ఫోనుకు వీడియో పంపితిని. అతడు ఆమెకు చూపించెను. పెండ్లినాడు పీటలమీద కూర్చుండి, నేను వచ్చినవారినందరను చూచుచు, మేనత్తగారు కనబడలేదేమని అడిగితిని. ఆరోగ్యము బాగులేదేమో అని ఎవరో అనిరి. పెండ్లి అయిన నాలుగవనాడు నేనే పల్లెకు వెళ్లితిని. ఆమె అరుగుమీద కూర్చుండి చింతపండు ఒలుచుచుండెను. ఆరోగ్యము నిక్షేపముగా నున్నది.

"ఏం అత్తయ్యా, పెళ్లికి రాలేదేం?" అని అడిగితిని.

ఆమె కోపపడలేదు. చేతిపని ఆపలేదు. "తెలిసింది నాయనా. పిల్లాడు చూపించాడు, బాగుంది. పిలుస్తావేమోనని చూశాను" అనినది.

అంతే. ఆ మాటలో నింద లేదు. కాని నాకు తల ఎత్తుటకు ధైర్యము చాలలేదు. నేను తెలియజేసితిని, పిలువలేదు. ఆ పల్లెకు బస్సులో పోయి రావలెనన్న ఒక దినము. అది కుదరకున్న, మనుమని ఫోనులోనే రెండు నిమిషములు ఆమెతో మాటాడిన చాలియుండెడిది. యంత్రము నన్ను ఆపలేదు. యంత్రము నాకు ఇచ్చిన తీరికను నేను మరియొక దానికి వాడుకొంటిని. ఇక్కడ దోషము ఫోనుది కాదు, నాది.

మిత్రులారా! ఈ రెండు మాటల భేదమును గుర్తింపవలెనని నా విన్నపము. తెలుపుట యొకటి, పిలుచుట యొకటి. తేదీ, ముహూర్తము, మండపము, దారి, ఇవి తెలుపవలసినవి. వీనిని ఫోను కాగితముకంటె చక్కగా తెలుపును. కాని "నీవు లేక మా కార్యము నిండదు" అన్నది పిలుపు. అది ఒకరు ఒకరికి చెప్పవలసిన మాట. నాలుగువందల మందికి ఒక్కసారిగా చెప్పినచో ఎవ్వరికిని చెప్పినట్లు కాదు. కార్యాలయపు వాట్సాప్ బృందములో ఒక శుభలేఖ పడవేసిన, ఆ బృందములోని ప్రతివాడును అది ఇతరుల కొరకు అనుకొనును. అచ్చటి రెండు నీలిగీతలు చదివెనని చెప్పును, వచ్చునని చెప్పవు. కాగితపు కార్డుపై మన చేతితో పేరు వ్రాయవలసి వచ్చెడిది. ఐదువందల పేర్లు వ్రాయుచున్నపుడు ఐదువందల మొగములు మనస్సున మెదలెడివి. మా నాయనగారు ఒక పేరు వ్రాసి, కలము ఆపి, "వీళ్లింటికి మనం స్వయంగా వెళ్లాలి" అని ఆ కవరును వేరుగా పెట్టుట నేను చూచితిని. పేరు వ్రాయు శ్రమలోనే ఆ వివేకము దాగియుండెను. శ్రమ తగ్గినపుడు ఆ వివేకమును మనము వేరుగా కాపాడుకొనవలెను.

మరియొక హెచ్చరిక. శుభలేఖ అనగానే మన మనస్సు మెత్తబడును, దానిని శంకింపము. దొంగలు ఈ సంగతి గ్రహించిరి. 2024 నవంబరులో హిమాచలప్రదేశ్ పోలీసుల సైబరు విభాగము, వాట్సాప్‌లో పెండ్లి శుభలేఖ రూపమున వచ్చు ఎ.పి.కె. ఫైలులను తెరువవలదని ప్రజలను హెచ్చరించెను. శుభలేఖ చిత్రముగానో, వీడియోగానో, పి.డి.ఎఫ్.గానో ఉండును, ఎ.పి.కె. అనునది శుభలేఖ కాదు, ఫోనులో ప్రవేశించు ఒక ప్రోగ్రాము. దానిని అనుమతించినచో ఫోనులోని బ్యాంకు సమాచారము పరుల పాలగును. 2025లో మహారాష్ట్రలోని హింగోలిలో ఒక ప్రభుత్వోద్యోగి ఇట్టి శుభలేఖను తెరచి సుమారు 1,90,000 రూపాయలు పోగొట్టుకొనెనని పత్రికలలో వచ్చినది. మన వంటి జీతగానికి అది ఎన్ని నెలల కష్టమో చెప్పనక్కరలేదు. తెలియని సంఖ్యనుండి వచ్చిన శుభలేఖను ముట్టకుడు. తెలిసినవారినుండి వచ్చినను, ఎ.పి.కె. ఫైలైనచో తెరువక, వారికి ఒకసారి ఫోనుచేసి అడుగుడు. మొదట నోటిమాట, తరువాత శుభలేఖ అను పద్ధతి పాటించువారి అతిథులకు ఈ భయము చాలవరకు ఉండదు. ఎవరి శుభలేఖ వచ్చుచున్నదో వారికి ముందే తెలిసియుండును.

2024లో మా అబ్బాయి పెండ్లి జరిగినపుడు మేము అనుసరించిన పద్ధతిని మీ ముందుంచెదను. ఇది శాస్త్రము కాదు. దెబ్బతిన్నవాని జాగ్రత్త మాత్రమే.

మొదట పేర్ల పట్టికను చేతితో వ్రాసితిమి, ఫోనులోని జాబితాను చూచి కాదు. దానిని మూడు భాగములు చేసితిమి. అరువది యేండ్లు దాటిన బంధువులకును, మేనమామ మేనత్తల వంటి కార్యమున స్థానము గలవారికిని ఒక భాగము. వీరికి యాబది కాగితపు శుభలేఖలు అచ్చువేయించి, పసుపు అలది, వెళ్లగలిగినంతవరకు స్వయముగా వెళ్లి, మా ఇల్లాలు బొట్టు పెట్టి పిలిచినది. వెళ్లజాలనివారికి తపాలాలో పంపి, ఫోనులో మాటాడితిమి. రెండవ భాగము ఆప్తమిత్రులు, కార్యాలయపు సహచరులు. వీరికి ముందు ఫోనుచేసి నోటితో పిలిచి, పిదప ఫోను శుభలేఖను ఎవరి పేరిట వారికి విడిగా పంపితిమి. మూడవ భాగము పరిచితులు. వీరికి ఫోను శుభలేఖ, పైన రెండు వాక్యములు మా చేతివ్రాతగా. మొదటి కార్డును, మన ఇండ్లలో పలువురు చేయునట్లే, తిరుమల శ్రీవారికి పంపితిమి. దేవస్థానమునుండి ఆశీస్సులతో అక్షతలు, పసుపుకుంకుమలు వచ్చినవి. వివాహ నమోదునకు కొన్ని కార్యాలయములలో శుభలేఖను జతపరుపుమందురు గనుక, రెండు కార్డులను దాచియుంచుకొంటిమి. రోజునకు పదిమందితో మాటాడిన, నలుబది దినములలో నాలుగువందల మంది అగుదురు. ఇది దస్త్రము నడిపినవానికి కష్టమైన లెక్క కాదు.

ఆ సంభాషణలలో నాకు ఒక లాభము అనుకోకుండ కలిగినది. పోర్టుబ్లెయరు మిత్రునితో పదునొకండేండ్ల తరువాత మాటాడితిని. అతడు తన భార్య పోయిన సంగతి చెప్పెను. నేను ఎరుగను. వీడియో ఒక్కటే పంపియున్నచో, అతడు చేతులు జోడించిన బొమ్మను బదులుగా పంపియుండును, నేను తృప్తిపడియుందును.

మా మేనత్తగారు ఆ పెండ్లి చూడలేదు. ఆమె 2021లో స్వర్గస్థురాలైనది. ఆమె పెట్టెలో రామాయణ గ్రంథము పుటల నడుమ ఒక కాగితము దొరకినదని మనుమడు నాకు చిత్రము తీసి పంపెను. అది నా 1987నాటి శుభలేఖ. మూలలనున్న పసుపు వెలసి గోధుమరంగు తిరిగినది. కవరుపై మా నాయనగారి చేతివ్రాత. దాని పక్కన మరియొక వ్రాత, మా అత్తయ్యది: "అన్నయ్య వచ్చి పిలిచాడు" అని, తేదీ. ఆ చిత్రము నాకు వాట్సాప్‌లోనే చేరినది. ఫోను లేకున్న నేను దానిని ఎన్నడును చూచియుండను. అందుచేత ఫోనును నిందించుటకు నాకు నోరు రాదు. కాని ఆ కవరుపై ఆమె వ్రాసికొన్నది కార్డు వచ్చినదని కాదు. అన్నయ్య వచ్చి పిలిచెనని.

మన సంఘమువారికి ఒక చిన్న మనవి చేసి విరమింతును. సంఘములోని యువకులు పెద్దలకు తెలుగున ఫోను శుభలేఖ కూర్చుటలో సాయపడవలెను. దొంగ ఫైలులను గుర్తించుట నేర్పవలెను. పెద్దలు యువకులకు ఎవరిని ఎట్లు పిలువవలెనో, ఎవరి ఇంటికి స్వయముగా పోవలెనో చెప్పవలెను. కాగితము పోయిన పోవచ్చును. తాటాకు పోయినది, తంతి పోయినది, మన వివాహములు నిలిచినవి. పిలుపు పోరాదు. మీ యింట శుభకార్యము తలపెట్టినపుడు, వీడియో పంపుటకు ముందు, మీరు పిలువవలసిన మొదటి పది పేర్లను ఒక కాగితముపై వ్రాసికొనుడు. వారిలో ఫోను లేనివారు ఎవరో చూడుడు. ముందుగా వారి యింటికి వెళ్లుడు.